బట్టల సబ్బు లెక్క

మన విద్యార్థి సంఘం వార్షిక సంచికలో నిరుద్యోగం మీద, పరీక్షల విధానం మీద, యువతరం బాధ్యతల మీద వ్యాసాలు రావడం మామూలే. ఈసారి నేను బట్టల సబ్బు మీద రాస్తానని చెప్పినప్పుడు సంపాదకవర్గంలో ఉన్న మిత్రుడొకడు పకపకా నవ్వి, "ఒరేయ్, దేశం ఇట్లా తగలబడుతుంటే నీకు సబ్బు దొరికిందా?" అన్నాడు. నవ్వితే నవ్వాడు గాని, అతని చొక్కా మడత నలగకుండా తెల్లగా మెరుస్తోంది. ఆ చొక్కా ఎవరు ఉతికారో, ఎన్ని నీళ్లతో ఉతికారో, అందుకు నెలకెంత ఖర్చవుతుందో అడిగితే చెప్పలేకపోయాడు. నిజానికి ఆర్నెల్ల క్రితం నన్నడిగినా నేనూ చెప్పలేకపోయేవాణ్ణి. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మాది నాదర్‌గుల్. తెలియని మిత్రుల కోసం చెబుతున్నాను. ఎల్.బి.నగర్‌లో మెట్రో దిగి బస్సెక్కి, కర్మన్‌ఘాట్ వైపు నుంచి మీర్‌పేట, బడంగ్‌పేట దాటుకుంటూ పోతే వస్తుంది. విమానాలు నేర్పే మైదానం ఉన్న ఊరు. మా చిన్నప్పుడు పొలాలు, ఇప్పుడు ప్లాట్లు. ఊరు పెరిగింది, ఇళ్లు లేచాయి, ప్రతి ఇంటికీ ఒక బోరు పడింది. నల్లా నీళ్లు వచ్చిన రోజు బిందెలకూ వంటకూ పట్టుకుంటాం. బట్టలకు, గిన్నెలకు, స్నానాలకు బోరు నీళ్లే. ఈ సంగతి గుర్తుంచుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మా ఇంట్లో ఐదుగురం. నాయిన ఎలక్ట్రికల్ పనికి పోతాడు, ఆయన బట్టలకు గోడల సున్నం, గ్రీజు, చెమట అన్నీ అంటుకుంటాయి. నేనూ చెల్లీ చదువుకుంటున్నాం. నానమ్మ ఇంట్లోనే. ఇక అమ్మ. మాకు బట్టల మిషను లేదు. అమ్మే మా మిషను. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది గాని, మొన్నమొన్నటి దాకా నేను అట్లాగే బతికాను.

ఒక ఆదివారం అమ్మ నన్ను పిలిచి, "సర్ఫు మల్ల ఒడిసింది బిడ్డా, కిరాణంల పట్టుకరా" అంది. మా ఇళ్లల్లో ఏ కంపెనీ పొడయినా సర్ఫే. "మొన్ననే గదా తెచ్చిన?" అన్నాను విసుగ్గా. అమ్మ జవాబు చెప్పకుండా చేతులు చూపించింది. వేళ్ల సందుల్లో చర్మం ఊడి ఎర్రగా ఉంది, అరచేతుల్లో పగుళ్లు. "నీళ్లల్ల నురుగే రాదు రా. ఇంకింత ఎయ్యాలె, ఇంకింత రుద్దాలె. ఎయ్యకుంటే మురికి పోదు, ఏస్తే చెయ్యి మండుతది" అంది. ఆ రోజు రాత్రి నాయిన లెక్కల పుస్తకం తీసి చూశాను. నెలకు నాలుగు కిలోల పొడి, ఆరు సబ్బు బిళ్ళలు. అంతా కలిపి 520 రూపాయలు. పాలకు, కరెంటుకు పెట్టినట్టు దీనికెవరూ పద్దు పెట్టలేదు. ప్యాకెట్టు ప్యాకెట్టుగా పోతుంది గనుక పోతున్నట్టు తెలియదు.

సరే, ఇక్కడ మన చదువు సంగతి కొంచెం చెప్పుకోవాలి. డిగ్రీ కెమిస్ట్రీ చదివిన వాళ్లందరికీ నీటి కాఠిన్యం ప్రాక్టికల్ గుర్తుండే ఉంటుంది. ఈ.డి.టి.ఎ. ద్రావణం బ్యూరెట్టులో పోసుకుని, ఎరియోక్రోమ్ బ్లాక్-టి సూచిక వేసి, ద్రాక్షసారాయి రంగు నీలంగా మారే దాకా చుక్క చుక్కగా వదలడం. మేమంతా చేశాం. రీడింగులు కుదరకపోతే పక్కవాడివి చూసి రాశాం కూడా. కాని ఆ నీళ్లు మా ఇంటి నీళ్లేనన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు! మర్నాడు నేను లీటరు సీసాలో బోరు నీళ్లు నింపుకుని లాబుకు పట్టుకుపోయాను. మా సార్ చూసి, "రికార్డు ఎప్పుడో సబ్మిట్ చేశావు గదయ్యా, మళ్లీ ఏమిటిది?" అన్నారు. "ఇది రికార్డుకు కాదు సార్, మా అమ్మకు" అన్నాను. ఆయన మరేం మాట్లాడకుండా తాళం చెవి ఇచ్చారు.

మూడుసార్లు చేశాను. లీటరుకు 540 మిల్లీగ్రాములు. తాగే నీటికి మన దేశ ప్రమాణం ప్రకారం ఉండదగిన కాఠిన్యం 200. వేరే గత్యంతరం లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. అంటే మా నీళ్లు ఒప్పుకోదగిన హద్దుకు దగ్గరగానే ఉన్నాయి. మా కింద ఉన్నదంతా గ్రానైటు రాయి. దాని పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు రాతిలోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని తనలో కలుపుకుని పైకి వస్తుంది.

ఇక అసలు లెక్క. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. అది కఠిన జలంలో పడగానే ముందు కాల్షియంతో కలిసి కరగని తెట్టుగా మారుతుంది. బకెట్టు అంచుకు పట్టే తెల్లటి జిడ్డు అదే. కాల్షియం అంతా తీరేదాకా నురుగు రాదు, మురికి కదలదు. ఒక గ్రాము కాఠిన్యం సుమారు 6 గ్రాముల సబ్బును తినేస్తుంది. 20 లీటర్ల బకెట్టులో మా నీళ్లకు కాఠిన్యం 10.8 గ్రాములు. అంటే ఒక్క చొక్కా తడవకముందే బకెట్టెడు నీళ్లు 66 గ్రాముల సబ్బును మింగి కూర్చుంటాయి! అమ్మ "నురుగే రాదు" అన్నది ఫిర్యాదు కాదు, ఒక పరిశీలన. ఏ సూచికా లేకుండా, ఏ బ్యూరెట్టూ లేకుండా ఆమె పాతికేళ్లుగా చేస్తున్న టైట్రేషన్ అది.

డిటర్జెంటు పొడి సబ్బంత త్వరగా ఓడిపోదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సబ్బుకు కొవ్వు దొరక్క జర్మనీలో కృత్రిమంగా తయారుచేయడం మొదలుపెట్టిన జాతి అది. అయినా కఠిన జలంలో దానికీ బలం తగ్గుతుంది. అందుకే కంపెనీవాళ్లు పొడిలో అసలు మురికి వదిలించే పదార్థాన్ని కొంతే వేసి, దానికి తోడు సోడా, సిలికేటు, బరువుకు సోడియం సల్ఫేటు, వాసనకు సెంటు, తెల్లగా కనబడటానికి మెరుపు రంగు కలుపుతారు. ఈ మెరుపు రంగు మురికిని తీయదు. ఎండలోని కంటికి కనబడని కిరణాలను నీలికాంతిగా మార్చి తెలుపని భ్రమ కలిగిస్తుంది. మన నీలిమందు చేసే పనికి ఇది దూరపు చుట్టమే. ఇక నురుగు అంటారా, నురుగుకూ శుభ్రానికీ పెద్ద సంబంధం లేదు. కాని నురుగు లేకపోతే మనకు తృప్తి ఉండదు, ఆ తృప్తికి కూడా మనం డబ్బు చెల్లిస్తున్నాం.

మరి సోడా మాటేమిటి? సబ్బు కంటే ముందే కాల్షియాన్ని పట్టి అడుక్కు దించేది బట్టల సోడా, అంటే సోడియం కార్బొనేటు. మా బకెట్టుకు కావలసింది పొడి సోడా అయితే సుమారు 11.5 గ్రాములు, చిన్న చెంచాతో రెండు. పలుకుల సోడా అయితే అందులో నీటి బరువు ఉంటుంది గనుక 31 గ్రాముల దాకా పడుతుంది. 66 గ్రాముల సబ్బు చేసే ఉత్తచాకిరీని 11.5 గ్రాముల సోడా చేస్తుంది. సబ్బును నీళ్ల మీద ఖర్చు పెట్టడం ఎందుకు, మురికి మీద పెట్టాలి గాని!

ఈ మహా ఆవిష్కారాన్ని ఇంటికి తీసుకుపోయి, బోర్డు మీద పాఠం చెప్పినట్టు వివరించాను. నానమ్మ మంచంలోంచే విని, "గిదేమన్న కొత్తదారా? మా ఊళ్లె చాకలి లచ్చువ్వ సౌడు తెచ్చి నానబెట్టి, తేట వంచి, బానల ఉడకబెట్టేది. నీ సోడ గా సౌడుల ఉండేదే గద" అంది. నేను నోరు మూసుకున్నాను. నిజమే. చౌడు నేలల మీద తెల్లగా పొంగే మన్నులో ఉండేది ఈ సోడియం కార్బొనేటే. చౌటి నీళ్లలో నానబెట్టడం, తేట తీయడం, ఆవిరితో ఉడకబెట్టడం, కుంకుడుకాయ నురుగుతో నాజూకు బట్టలు ఉతకడం, ఇవన్నీ రజకుల వృత్తివిద్య. మేము ఆ విద్యను పుస్తకంలో ఇంగ్లీషులో చదివి మార్కులు తెచ్చుకున్నాం. వాళ్లు దాన్ని చేతులతో చేసి సద్దన్నం తెచ్చుకున్నారు. 2024లో మన కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్నాం, సంతోషించాం. అయితే ఆమె కులవృత్తిలో ఉన్న జ్ఞానానికి ఏ సిలబసులో చోటిచ్చాం? ఈ ప్రశ్న అధ్యాపకులకు వినయంగానే వేస్తున్నాను.

ఇక నా ప్రయోగం ఎట్లా నడిచిందో దాచకుండా చెబుతాను. మొదటి వారం అంతా నాశనం. రెండు చెంచాలకు బదులు రెండు గుప్పెళ్లు వేశాను, ఎక్కువైతే ఎక్కువ మంచిదనుకుని. అందులో చెల్లి పట్టులంగా పడింది. సోడా పట్టుకూ ఉన్నికీ శత్రువు. రంగు చెదిరి, మెరుపు చచ్చి, గోనెసంచిలా తేలింది. చెల్లి వారం రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మ చేతుల మంట తగ్గకపోగా ఎక్కువైంది, ఎందుకంటే సోడా కూడా చర్మానికి మంచిది కాదు. "నీ సదువు నా చేతుల మీద నేర్చుకోకు బిడ్డా" అంది నవ్వుతూనే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. అప్పుడు తీసుకున్న నిర్ణయం ఏమంటే, ప్రయోగం నాదైతే ఉతుకు కూడా నాదే కావాలి.

అప్పటి నుంచి వారానికి మూడు రోజులు నేనే ఉతుకుతున్నాను. అనుభవం మీద తేలిన పద్ధతి ఇది. రాత్రి బకెట్టు నీళ్లలో రెండు చెంచాల పొడి సోడా కలిపి పెట్టాలి. చల్లని నీళ్లలో కాల్షియం నిదానంగా దిగుతుంది. తెల్లారేసరికి అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటుంది. కదపకుండా పైతేట వేరే బకెట్టులోకి వంచుకోవాలి. మెగ్నీషియం అంతా పోదు, అయినా చాలావరకు నీళ్లు మెత్తబడతాయి. అందులో మునుపటి పొడిలో సగం వేసి బట్టలు అరగంట నానబెట్టాలి. నాన బాగా పడితే రుద్దుడు తగ్గుతుంది. కాలర్లు, చేతి మడతలు, నాయిన ప్యాంటు మోకాళ్లు, వీటికే సబ్బు బిళ్ళ. మిగతా గుడ్డంతా రుద్దడం దండుగ. సబ్బు రాసిన బట్టను గట్టిగా పిండి గాని జాడించకూడదు, లేకపోతే జాడించే బోరునీళ్లలో మళ్లీ తెట్టు కట్టి బట్ట బిరుసెక్కుతుంది. తెల్లవి, రంగువి, పనిబట్టలు వరుసగా ఒకే నీళ్లలో నానబెట్టుకోవచ్చు. చివర మిగిలిన నీళ్లతో బాత్రూము కడగవచ్చు. చేతికి రబ్బరు తొడుగులు ఉండాలి. పట్టు, ఉన్ని వస్త్రాలకు కుంకుడు రసమే క్షేమం. అల్యూమినియం గిన్నెల్లో సోడా కలపవద్దు. వంటసోడా, బట్టల సోడా ఒకటి కావు, దుకాణంలో అడిగి తీసుకోండి.

హాస్టలు మిత్రులకు ఒక మాట. ఒక్క జత బట్టలకు ఒక్క చిన్న ప్యాకెట్టు చించి బకెట్టులో గుమ్మరించే అలవాటు మనందరిదీ. చిన్న ప్యాకెట్టు చవక అనిపిస్తుంది. నలుగురు కలిసి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి పెద్ద సంచి కొని, చెంచాతో కొలిచి వాడుకుని చూడండి. ఎంత మిగిలిందో నెలాఖరున మీకే తెలుస్తుంది.

మా ఇంటి లెక్క చెబుతాను. రెండో నెలకు నాలుగు కిలోల పొడి రెండు కిలోలకు దిగింది. బిళ్ళలు ఆరు నుంచి మూడు. సోడా ఒక కిలో. మొత్తం 310 రూపాయలు. నెలకు 210 మిగులు, ఏడాదికి 2520. కోటీశ్వరులం కాలేదు. కాని నా సెమిస్టరు పరీక్ష ఫీజుకు నాయిన ఈసారి ఎవరి దగ్గరా చేయి చాపలేదు. అమ్మ చేతుల పగుళ్లు మానుతున్నాయి. దీనికి నాయిన పుస్తకంలో పద్దు లేదు.

ఇంతకీ మనం ఇంత పొడి వాడాలని ఎవరు నేర్పారు? 1888లో ఇంగ్లండులో చేసిన సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవులో దిగాయి. 1959లో సర్ఫ్ వచ్చింది. అది మధ్యతరగతికి కూడా బరువుగానే ఉండేది. 1969లో అహమ్మదాబాదులో ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న కర్సన్‌భాయ్ పటేల్ అనే కెమిస్టు ఇంటి దగ్గర పొడి కలిపి, సైకిలు మీద ఇంటింటికీ తిరిగి కిలో 3 రూపాయల చొప్పున అమ్మాడు. అప్పుడు పెద్ద కంపెనీ పొడి కిలో 13 రూపాయలు. అదే నిర్మా. పెద్ద కంపెనీ టీవీలో లలితాజీ అనే గృహిణి చేత బేరసారాల పాఠం చెప్పించింది, అది చాలక 1980ల చివరలో తానూ చవక పొడి ఒకటి దించింది. అంటే ఒక మామూలు కెమిస్టు ధర తగ్గించి చూపిస్తే గాని ధర తగ్గించవచ్చునని పెద్దవాళ్లకు తోచలేదు. ఇందులో మనకొక పాఠం ఉంది. చదువుకున్న కెమిస్ట్రీని ఇంటి పెరట్లోకి తీసుకుపోతే నవ్వులపాలు కానక్కరలేదు.

అయితే ఇక్కడితో ఆగితే ఇది ఆడవాళ్ల పత్రికలో చిట్కా అవుతుంది గాని అభిప్రాయం కాదు. నా అభిప్రాయం ఇది: పొదుపు చేయమని పేదవాడికి చెప్పేవాళ్లు ముందు అతని నీళ్ల సంగతి చూడాలి. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో నిండిన నగరం మనది. 2004లో కృష్ణా నీళ్లు నగరానికి వచ్చాయి. మెత్తని నీళ్లు రోజూ అందే ఇల్లు తక్కువ సబ్బుతో గడుపుకుంటుంది. బోరు మీద బతికే శివారు ఇల్లు అదే చొక్కాకు రెట్టింపు ఖర్చు పెడుతుంది. ఏ బడ్జెట్టులోనూ కనబడని పన్ను ఇది, అది కూడా ఎక్కువ సంపాదన లేనివాళ్ల మీదే పడుతోంది. నల్లా ఎక్కడ ఆగిపోయిందో సబ్బు ఖర్చు అక్కడి నుంచి మొదలవుతుంది.

వాన సంగతి కూడా అంతే. వాన నీటిలో కాఠిన్యమే లేదు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 100 చదరపు మీటర్ల డాబా మీద పడే నీళ్లు 80,000 లీటర్లు. 2002 నాటి వాల్టా చట్టం వాన నీటిని ఒడిసి పట్టమని చెప్పనే చెప్పింది. మేమీ వానాకాలం డాబా గొట్టం కింద రెండు డ్రమ్ములు పెట్టాం. ఆ నీళ్లలో చిటికెడు పొడికే చేతినిండా నురుగు వస్తే అమ్మ చిన్నపిల్లలా, "ఇగో సూడు రా!" అని పిలిచింది.

పోతే, మనం వాడిన పొడి మాయమైపోదు. కాలువలో పడి, మూసీలో కలిసి, నల్లగొండ పొలాల దాకా పోతుంది. మా నానమ్మ పుట్టిల్లు అటువైపే. 1950లలో పాశ్చాత్య దేశాల నదులు కొండల్లా నురగలు కక్కితే, 1960ల మధ్యకు అక్కడ సూక్ష్మజీవులు విరగ్గొట్టగల రకానికి మారారు. ఆ రకం విరగడానికి కూడా గాలి, సమయం కావాలి. శుద్ధి కాని మురుగుకు ఆ రెండూ దొరకవు. పొడి సగం చేస్తే జేబుకే కాదు, కింద ఉన్న రైతుకూ మేలు.

చివరగా, మగ విద్యార్థి మిత్రులకు. మన ఇళ్లలో అత్యంత చవకగా దొరుకుతున్నది సోడా కాదు, అమ్మ శ్రమ. దానికి ధర లేదు గనుకనే మనం లెక్క వేయలేదు, లెక్క వేయలేదు గనుకనే పొడి మీద పొడి కుమ్మరించాం. ఉతికేవాడికే తెలుస్తుంది ఎంత పొడి దండుగో, ఏ చొక్కాను ఇంకో రోజు తొడుక్కోవచ్చునో. నేను ఉతకడం మొదలుపెట్టాక మా ఇంట్లో ఉతకవలసిన బట్టలే తగ్గాయి. నేను మారిన మొదటి పొదుపు అది.

సంపాదకవర్గ మిత్రుడు ఈ వ్యాసం చదివి, మొన్న నన్ను క్యాంటీను దగ్గర ఆపి, గొంతు తగ్గించి అడిగాడు: "సోడా ఎన్ని చెంచాలన్నావు?"

రెండే అని చెప్పాను. అయితే ముందు మీ ఇంటి నీళ్లు ఒక సీసాలో పట్టుకురా, లాబు తాళం సార్ ఇస్తారు అన్నాను.